వసంతగీతం – జాన్ మేసన్ నీల్

మన దేశంలో వసంతం ఒక అందం. మామిడి చిగురిస్తుంది, కోయిల కూస్తుంది, వేప పూస్తుంది. ఆ పూతనే పచ్చడిలో కలుపుకొని ఉగాదినాడు కొత్త సంవత్సరాన్ని ఆహ్వానిస్తాము. చలికాలం పోయినందుకు మనకు పెద్ద సంతోషం లేదు. రానున్న ఎండలను తలచుకొని కొంత జంకుతాము కూడా. ఉత్తర ఐరోపాలో సంగతి వేరు. అక్కడ నెలల తరబడి నేల మంచుక్రింద పూడి ఉంటుంది. సూర్యుడు కొద్ది గడియలు తొంగిచూచి పోతాడు. ఏరులు గడ్డకడతాయి. గాదెలోని గింజలు నానాటికి తరిగిపోతాయి. అట్టి దేశంలో మంచు కరిగి మొదటి గడ్డిపరక తల ఎత్తిననాడు మానవుని నోట వెలువడే పాట కేవలం సౌందర్యారాధన కాదు. అది బ్రతికి బయటపడినవాని కృతజ్ఞత.

అట్టి కృతజ్ఞతాగీతం ఒకటి లాటిన్ భాషలో ఉన్నది. దాని పేరు ‘తెంపుస్ ఆదెస్త్ ఫ్లోరిదుమ్’. పూలకాలం వచ్చినదని ఆ పేరుకు అర్థం. చలి చెరచిన దానినెల్లా వెచ్చదనం మరల బాగుచేస్తున్నదనీ, పచ్చికబయళ్ళు పూలతో నిండినవనీ, ఇదంతా సృష్టికర్త చేతిపని గనుక ఆయనను స్తుతించడం మన విధి అనీ ఆ గీతం సారాంశం. చిన్న పాట, సులభమైన నడక, పిల్లలు సైతం ఒకమారు వింటే పట్టుకోగల వరుస. ఆ వరుస నేడు ప్రపంచంలో కోట్లాది జనులకు పరిచితం. ఆ మాటలను ఎరిగినవారు మాత్రం చాల తక్కువ. ఈ వింతకు కారకుడు జాన్ మేసన్ నీల్ అనే ఆంగ్ల పండితుడు. పాటను మరుగునుండి వెలికితెచ్చినవాడూ ఆయనే, దాని మాటలను మరుగుపరచినవాడూ ఆయనే.

ఆయన చరిత్రకు పూర్వరంగంగా ఆ పాట చరిత్రను కొంత చెప్పవలసి ఉన్నది. 1582లో జర్మనీ ఉత్తరతీరాన గ్రైఫ్స్‌వాల్డ్ నగరంలో ‘పియె కాంటియోనెస్’ అనే పాటల పుస్తకం అచ్చయింది. భక్తిగీతాలు అని ఆ పేరుకు అర్థం. అందులో 74 లాటిన్ పాటలున్నాయి. వాటిని కూర్చినది ఫిన్లాండులోని తుర్కు నగరపు దేవాలయ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడైన యాకోబుస్ ఫిన్నో. అచ్చువేయించినవాడు ఫిన్లాండు దేశస్థుడే అయిన తియోదోరికుస్ పెట్రి అనే విద్యార్థి. ఒక ఉపాధ్యాయుడు, ఒక విద్యార్థి కలసి చేసిన గ్రంథమిది. దానిని పాడినవారు కూడ విద్యార్థులే. ఆ కాలంలో స్వీడన్, ఫిన్లాండులలోని బీదపిల్లలు ఊరూరా తిరిగి పాటలు పాడి, గృహస్థులు ఇచ్చిన ధాన్యంతోనూ డబ్బుతోనూ చదువు సాగించేవారు. మన దేశంలో పూర్వం మధూకరమెత్తి, వారాలు చేసుకొని చదువుకొన్న విద్యార్థులకు వారు దూరపు బంధువుల వంటివారు. వసంతగీతం అట్టి పిల్లల కంఠాలలో జీవించింది.

ఈ పాటకు అంతకు పూర్వపు జన్మ కూడ ఒకటి ఉన్నది. బవేరియాలోని ఒక మఠంలో 1803లో బయటపడిన 13వ శతాబ్దపు వ్రాతప్రతిలో ఇదే ప్రారంభంతో ఒక గీతం కానవస్తుంది. కాని అక్కడ వసంతం పూచినది యువతీయువకుల శృంగారం కొరకు. దైవస్తుతి అందులో లేదు. తరువాతివారు అదే వసంతాన్ని దేవుని వైపునకు త్రిప్పారు. పాట బట్టలు మార్చుకొనడం నీల్‌తో మొదలు కాలేదని దీనివలన తెలుస్తున్నది.

జాన్ మేసన్ నీల్ 1818 జనవరి 24వ తేదీన లండనులో జన్మించాడు. తండ్రి కార్నీలియస్ నీల్ మతబోధకుడు. అంతకుముందు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రాన అందరికంటె ప్రథముడుగా నిలిచిన మేధావి. తల్లి సుసానా, వైద్యుడూ గ్రంథకర్తా అయిన జాన్ మేసన్ గుడ్ కుమార్తె. తాతగారి పేరే మనుమడికి వచ్చింది. బాలునికి ఐదేండ్లు నిండిన సంవత్సరమే, 1823లో, తండ్రి మరణించాడు. అటుపై పెంపకమంతా తల్లి చేతులలో జరిగింది.

1836లో నీల్ కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో విద్యార్థివేతనంతో ప్రవేశించాడు. గ్రీకు, లాటిన్ భాషలలో తన తరగతివారిలో ఆయనకు సాటి లేరని పేరు వచ్చింది. ఐనా ఆ భాషలలో ఆయనకు గౌరవపట్టం దక్కలేదు. ప్రాచీన భాషల గౌరవపరీక్షకు కూర్చుండవలెనంటే ముందు గణితంలో గౌరవస్థానం సంపాదించవలెనని ఆనాటి నిబంధన. గణితంలో అగ్రగణ్యుడైన తండ్రికి కుమారుడైన నీల్‌కు గణితమంటే బొత్తిగా పడదు. తత్ఫలితంగా ఆ మహాభాషావేత్త 1840లో సామాన్య పట్టంతోనే బయటకు వచ్చాడు. ఒక్క పరీక్షాఫలితాన్ని చూచి విద్యార్థి యోగ్యతను నిర్ణయించడం ఎంత పొరపాటో చెప్పడానికి నీల్ జీవితం చక్కని ఉదాహరణం. తరువాతి కాలంలో ఆయన సుమారు ఇరవై భాషలలో చదవగల శక్తిని గడించాడు. ఏటేటా మతవిషయక కావ్యానికి కేంబ్రిడ్జివారు ఇచ్చే సీటన్ బహుమానాన్ని పదకొండు సార్లు గెలుచుకొన్నాడు.

విద్యార్థిదశలోనే, 1839లో, మిత్రుడు బెంజమిన్ వెబ్ మొదలైనవారితో కలసి ఆయన కేంబ్రిడ్జి కామ్‌డెన్ సంఘాన్ని స్థాపించాడు. పాతపడిన దేవాలయాలను మధ్యయుగ శిల్పరీతిలో పునరుద్ధరించడం, ప్రాచీన ఆరాధనావిధులను పరిశోధించడం ఆ సంఘపు ఆశయాలు. ఇంగ్లండులోని వందలాది దేవాలయాల రూపురేఖలపై ఆ సంఘపు ప్రభావం పడింది. కాని ఆ కాలం అట్టి ఆశయాలకు అనుకూలమైనది కాదు. ప్రాచీన విధులను తిరిగి తేవడమంటే దేశాన్ని రోముకు అప్పగించడమే అని భావించేవారు ఇంగ్లండులో అసంఖ్యాకులు. 1845లో న్యూమన్ వంటి ప్రముఖుడు ఇంగ్లండు చర్చిని వీడి రోమన్ కాథలిక్కు మతంలో చేరడంతో ఈ భయం ద్విగుణమైంది. నీల్ తన చర్చిని జీవితాంతం విడువలేదు. ఐనా అనుమానం ఆయనను జీవితాంతం విడువలేదు.

1842లో ఆయన గురుపట్టం పొందాడు. ఆ సంవత్సరమే సారా నార్మన్ వెబ్‌స్టర్‌ను వివాహమాడాడు. ససెక్సు ప్రాంతంలోని క్రాలీ గ్రామంలో దేవాలయం లభించింది. కాని ఊపిరితిత్తుల జబ్బు వలన కొద్ది వారాలకే దానిని వదులుకోవలసి వచ్చింది. వెచ్చని గాలి కొరకు 1843లో మదీరా ద్వీపానికి వెళ్ళాడు. రోగి విశ్రాంతి తీసుకోవలసిన ఆ కాలంలో ఆయన అక్కడి దేవాలయ గ్రంథాలయంలో పాతపుస్తకాల మధ్య కూర్చుండి, భావిరచనలకు సామగ్రిని సేకరించాడు.

1846లో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ పట్టణంలోని సాక్‌విల్ కళాశాలకు ఆయన అధిపతిగా నియుక్తుడైనాడు. పేరుకు కళాశాలయే గాని అది విద్యాలయం కాదు. 1609లో డార్సెట్ ప్రభువు వ్రాసిన మరణశాసనం ననుసరించి ఏర్పడిన బీద వృద్ధుల ఆశ్రమం. అధిపతికి జీతం ఏడాదికి ముప్పై పౌండ్లకు లోపే. కేంబ్రిడ్జిలో సాటిలేని పండితుడనిపించుకొన్నవాడు ఆ జీతంపై ఆ ముసలివారి నడుమ తన శేషజీవితమంతా, ఇరవై సంవత్సరాలు, గడిపాడు. సంసారభారానికి చాలని జీతాన్ని పత్రికలకు వ్యాసాలు వ్రాసి, పిల్లలకు కథలు వ్రాసి పూడ్చుకొన్నాడు.

అంతకంటె గొప్ప కష్టం మరునాటి ఏడే వచ్చింది. ఆశ్రమంలోని చిన్న ప్రార్థనామందిరంలో ఆయన బలిపీఠంపై సిలువను, కొవ్వొత్తులను ఉంచి ప్రాచీనరీతిగా అలంకరించాడు. ఇది రోమను ఆచారమని చిచెస్టర్ బిషప్పు గిల్బర్టుకు తోచింది. 1847లో ఆయన తన అధికారప్రాంతంలో నీల్ గురుకృత్యాలు నిర్వహించరాదని నిషేధించాడు. వ్యవహారం న్యాయస్థానానికి ఎక్కింది; తీర్పు నీల్‌కు ప్రతికూలంగా వచ్చింది. ఆ నిషేధం 1863 వరకు, అనగా పదునారు సంవత్సరాలు, ఆయన మెడపై ఉన్నది. ఉపాధ్యాయుని బడిలో అడుగు పెట్టరాదనడం ఎట్టిదో, గురువును బలిపీఠం వద్ద నిలువరాదనడం అట్టిది. నీల్ బిషప్పును దూషిస్తూ కాలం గడపలేదు. తన పని మానుకోనూ లేదు. నోరు నొక్కివేసిన చోట కలం పట్టాడు.

ఆ కలం చేసిన పని అపారం. తూర్పు క్రైస్తవసంఘాల చరిత్రను ఆయన అనేక సంపుటాలుగా వ్రాశాడు. 1851లో మధ్యయుగపు లాటిన్ గీతాల అనువాదసంపుటం వెలువడింది. 1862లో గ్రీకు గీతాల సంపుటం వచ్చింది. అప్పటివరకు ఆంగ్లేయులకు గ్రీకు చర్చిలో అంతటి కవిత్వం ఉన్నదనే సంగతియే అంతగా తెలియదు. వేయి సంవత్సరాల నాటి మఠవాసులు వ్రాసిన పాటలను గ్రామ దేవాలయాలలో రైతులు పాడుకొనేట్లు చేసిన ఘనత ఆయనదే. మన తాటాకు గ్రంథాల విషయంలో ఆయన సమకాలికుడైన బ్రౌను దొర చేసిన సేవను ఎరిగిన తెలుగువారికి ఈ కృషి విలువను విప్పి చెప్పనక్కరలేదు.

నీల్ అనువాదపద్ధతిలో ఒక ప్రత్యేకత ఉన్నది. లాటిన్ గీతాలను అనువదించినప్పుడు మూలంలోని ఛందస్సును సాధ్యమైనంతవరకు అట్లే నిలిపేవాడు. అర్థం ఒక్కటే దాటివస్తే చాలదు, పాత వరుసతో పాడదగినదిగా కూడ ఉండవలెనని ఆయన నియమం. పద్యానికి వచనంలో తాత్పర్యం చెప్పడం సులభం. అదే వృత్తంలో, అదే యతిస్థానంలో మరొక భాషలో పద్యం చెప్పడం ఎంత కష్టమో మన విద్యార్థులకు తెలుసు. పైగా గీతాలు సర్వజనుల సొత్తు గనుక వాటిపై హక్కు కోరనని ఆయన ప్రకటించాడు. 1861లో వెలువడి ఆంగ్లదేశమంతటా వ్యాపించిన ప్రసిద్ధ గీతసంపుటంలో ఆయన అనువాదాలు పెక్కు చేరాయి. బిషప్పు ఆయనను నోరెత్తవద్దన్న ప్రాంతంలోనే ఆయన మాటలు ప్రతి ఆదివారం వేల నోళ్ళ పలుకసాగాయి.

ఆయన లాటిన్ పాండిత్యాన్ని గూర్చి ఒక కథ చెప్పుకొంటారు. ప్రసిద్ధ భక్తకవి జాన్ కీబుల్ ఒకనాడు ఏవో కాగితాలు వెదకడానికి పక్కగదిలోకి వెళ్ళి వచ్చాడట. ఇంతలో నీల్ ఒక లాటిన్ గీతాన్ని ఆయన ముందుంచి, తమ ఆంగ్లగీతం స్వకపోలకల్పితమనుకొన్నానే, దీని మూలం ఇదిగో దొరికినదని చెప్పాడట. ఆ లాటిన్ గీతం తానెన్నడూ చూచి ఎరుగనని కీబుల్ నివ్వెరపోయి నిలుచున్నాడు. ఆయన పక్కగదిలో ఉన్న ఆ కొద్ది నిమిషాలలోనే తాను దానిని అనువదించానని అప్పుడు నీల్ నవ్వుతూ ఒప్పుకొన్నాడట. కష్టాలు ఆయన హాస్యప్రియత్వాన్ని చంపలేదని ఈ కథ చెబుతున్నది.

ఇట్టివాని చేతికి 1853లో వసంతగీతం వచ్చి చేరింది. స్వీడనులో బ్రిటిషు రాయబారిగా ఉన్న గోర్డన్ వద్ద ‘పియె కాంటియోనెస్’ ప్రతి ఒకటి ఉండేది. అప్పటికే అది చాల అరుదైన పుస్తకం. దానిని ఆయన నీల్‌కూ, సంగీతజ్ఞుడైన థామస్ హెల్‌మోర్‌కూ ఇచ్చాడు. ఆ పుస్తకంలోని స్వరలిపి పాతకాలపుది, సామాన్యులు చదువలేరు. హెల్‌మోర్ దానిని నాటి లిపిలోకి మార్చాడు. నీల్ మాటలు కూర్చాడు. ఆ సంవత్సరమే పన్నెండు క్రిస్మస్ పాటలు, మరుసటి ఏడు పన్నెండు ఈస్టర్ పాటలు వెలువడ్డాయి. 271 సంవత్సరాల క్రిందట అచ్చయి మూలపడిన వరుసలు తిరిగి ఇంగ్లండు వీధులలో మ్రోగాయి.

వసంతగీతపు వరుస నీల్ మనస్సును ఆకర్షించింది. కాని ఆయన దానికి వసంతపు మాటలను అనువదించలేదు. 10వ శతాబ్దంలో బొహీమియాను పాలించిన వెన్‌సెస్లాస్ అనే ధర్మప్రభువు కథను తీసుకొని, ఆ వరుసలో క్రొత్త పాట వ్రాశాడు. డిసెంబరు 26, పరిశుద్ధ స్తెఫాను పండుగరాత్రి. నేల అంతా మంచు. ఒక బీదవాడు పుల్లలు ఏరుకొంటున్నాడు. అది చూచిన ప్రభువు భోజనమూ కట్టెలూ పట్టించుకొని, ఒక చిన్న సేవకుని వెంటబెట్టుకొని ఆ మంచులో నడిచిపోతాడు. చలికి అడుగు సాగని సేవకుడు ప్రభువు అడుగుజాడలలో అడుగు వేయగా ఆ జాడలే వెచ్చగా ఉంటాయి. ఉన్నవారు లేనివారిని ఆదుకోవలెనని బోధించి పాట ముగుస్తుంది. పూలను గూర్చిన వరుస ఈ విధంగా మంచును గూర్చిన పాట అయింది.

ఆ పాట దేశదేశాలకు ప్రాకింది. దానితోపాటు ఒక వివాదం కూడ పుట్టింది. తేలికగా గంతులువేసే వసంతపు వరుసకు బరువైన హేమంతకథను కట్టడం అన్యాయమని తరువాతి సంగీతజ్ఞులు కొందరు తలచారు. 1928లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ పాటల సంపుటంలో పెర్సీ డియర్మర్, మార్టిన్ షా, రాల్ఫ్ వాన్ విలియమ్స్ గార్లు ఈ అభిప్రాయాన్ని దాచుకోలేదు. ఆ వరుస క్రింద వసంతపు మాటలను ఆంగ్లంలో తిరిగి కూర్చి, అది తన సొంత ఋతువునకు మరలవలెనని ఆశించారు. ఒకరి వరుసకు మరొకరు మాటలు కట్టడం మనకు క్రొత్త కాదు. మన నాటకాలలో, హరికథలలో, భజనలలో పాట తలపై ఫలానా పాట వరుస అని వ్రాసుకొనే ఆచారం ఉన్నది. క్రొత్త మాటలు బలమైనవైతే పాత మాటలు మరుగుపడటమూ మన అనుభవమే. ఐతే నీల్ ఆ పుస్తకాన్ని చేపట్టి ఉండకపోతే వరుస కూడ మూలనే పడి ఉండేదేమో అన్న సంగతిని మరువరాదు. వరుస బ్రతికింది గనుకనే దాని అసలు మాటలను వెదకేవారు పుట్టారు. 1910లో ఆ పాత పుస్తకమంతా ఇంగ్లండులో తిరిగి అచ్చయింది.

వసంతం నీల్‌కు పట్టలేదనడం కూడ సరికాదు. జెరూసలేము సమీపాన ఎడారిమఠంలో 8వ శతాబ్దంలో నివసించిన డమాస్కసు యోహాను ఈస్టరు పండుగకు వ్రాసిన గ్రీకు గీతం ఒకటి ఉన్నది. అందులో క్రీస్తు పునరుత్థానం ఆత్మలకు వచ్చిన వసంతమని వర్ణితమైంది. దానిని ఆంగ్లంలోకి తెచ్చినవాడు నీల్. అది నేటికీ ఈస్టరునాడు పాడబడుతున్నది. ఒక చేత వసంతాన్ని హేమంతంగా మార్చినవాడు మరొక చేత హేమంతానంతరం వచ్చే వసంతాన్ని అందించాడు.

ధర్మప్రభువు కథ ఆయనకు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. మంచులో నడిచి బీదవాని గుడిసెకు చేరడం ఆయన దృష్టిలో కేవలం కథ కాదు. 1855లో ఆయన పరిశుద్ధ మార్గరెట్టు సోదరీసంఘాన్ని స్థాపించాడు. ఆ సోదరీమణులు ససెక్సు పల్లెలలోని బీదరోగుల ఇండ్లకు పోయి, వారితోపాటు ఆ గుడిసెలలోనే ఉండి ఉపచారాలు చేసేవారు. దీనికి ప్రతిఫలంగా ఆయనకు లభించినది రాళ్ళదెబ్బలు. 1857 నవంబరులో, రోగులకు పరిచర్య చేస్తూ తానే విషజ్వరం తగిలి మరణించిన ఒక సోదరి అంత్యక్రియలు లూయిస్ పట్టణంలో జరిగాయి. ఆస్తికొరకు ఆ యువతిని మభ్యపెట్టి చేర్చుకొన్నారని వదంతులు లేచాయి. అల్లరిమూక సోదరీమణులపై విరుచుకుపడింది. నీల్‌ను నేలపై పడద్రోసి కొట్టారు. రక్షకభటులు అడ్డుపడి ఆయనను తప్పించారు. అటుపై సంఘాన్ని ఆదరించిన పెద్దలలో పలువురు దూరమైనారు. ఐనా సంఘం నిలిచింది. క్రమంగా ఇతర నగరాలకూ దేశాలకూ వ్యాపించింది.

నీల్‌కు స్వదేశంలో పెద్ద పదవి ఏదీ రాలేదు. ఆయన పాండిత్యానికి డాక్టరు పట్టం ఇచ్చినది 1860లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ట్రినిటీ కళాశాల. 1863లో నిషేధం తొలగిపోయింది. 1865లో సోదరీసంఘపు నూతన భవనానికి శంకుస్థాపన జరిగింది. ఆ భవనం పూర్తికావడం చూచే భాగ్యం ఆయనకు లేకపోయింది. మొదటినుండి బలహీనమైన దేహం అధికశ్రమ వలన క్రుంగిపోగా, 1866 ఆగస్టు 6వ తేదీన, క్రీస్తు రూపాంతర మహోత్సవదినాన, ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 48 సంవత్సరాలు. శవపేటికపై తనను దీనుడు, అయోగ్యుడు అయిన గురువుగా మాత్రమే పేర్కొనవలెనని ఆయన ముందే కోరి ఉన్నాడు. ఆ కోరిక నెరవేరింది.

సామాన్య పట్టం, చాలీచాలని జీతం, పదునారేండ్ల నిషేధం, జనుల ద్వేషం, వదలని వ్యాధి – ఇవి నీల్ అనుభవించిన హేమంతం. ఆ హేమంతంలోనే ఆయన వేయేండ్ల పాటలను చిగురింపజేశాడు. నేడు ఫిన్లాండులో బాలబాలికలు ఆ ప్రాచీన లాటిన్ పాటలను పాడుతూనే ఉన్నారు. ఆంగ్లదేశంలో వెన్‌సెస్లాస్ పాట ప్రతి డిసెంబరులో వినిపిస్తుంది. వసంతం రాగానే కొన్ని గాయకబృందాలు అదే వరుసకు పూల మాటలను తిరిగి జోడిస్తాయి. రెండు ఋతువులూ ఆ చిన్న వరుసలో ఇమిడిపోయాయి. ఎన్నడో ఆహారం కొరకు ఇంటింటా పాడిన బీదవిద్యార్థుల పాట ఇన్ని తరాలకు అందడానికి కారణం, మూలపడిన పుస్తకాన్ని విప్పి చూచే ఓపిక ఒక రోగిష్ఠి పండితునికి ఉండటమే.